పిట్ట బెదరని ఫొటో

ఒకప్పుడు అడవికి తుపాకీతో వెళ్లేవారు. ఇప్పుడు కెమెరాతో వెళ్తున్నారు. గురి చూడటం, ఊపిరి బిగబట్టడం, వేలితో నొక్కడం... అప్పుడూ అవే, ఇప్పుడూ అవే. మరి తేడా ఎక్కడుంది? పులికాట్ ఒడ్డున, నేలపట్టు చెట్ల మధ్య వెతికితే జవాబు దొరుకుతుంది.

జనవరి ఉదయం. సూళ్లూరుపేట దాటి శ్రీహరికోట వైపు వెళ్తుంటే కాసేపటికి రోడ్డుకు రెండు పక్కలా నేల మాయమైపోతుంది. ఎటు చూసినా నీళ్లే. మధ్యలో తాడు పరిచినట్టు తారురోడ్డు. మంచు పలచబడేకొద్దీ దూరంగా నీళ్ల మీద తెల్లటి చార ఒకటి కనిపిస్తుంది. ఇసుకమేట అనుకుంటారు కొత్తవాళ్లు. కాసేపు చూస్తే ఆ చార కదులుతుంది! అవి ఫ్లెమింగోలు. ఒకటీ రెండూ కాదు, వందలు. ఒంటికాలి మీద కునికేవి కొన్ని, ముక్కు నీళ్లలో ముంచి మేసేవి కొన్ని.

రోడ్డు పక్కన కార్లు ఆగుతాయి. మోటారు సైకిళ్లు ఆగుతాయి. మోచేతి పొడవు లెన్సులు కొన్ని, జేబులోంచి తీసిన సెల్‌ఫోన్లు కొన్ని. అందరి ఆశా ఒక్కటే... అవి ఎగరాలి! ఎందుకంటే నీళ్లలో నిలబడ్డ ఫ్లెమింగో దూరానికి తెల్లగానే కనిపిస్తుంది. దాని అసలు సొగసంతా రెక్కల మాటున ఉంటుంది. రెక్క విప్పిందా, కుంకుమ పూసినట్టు ఎరుపు, అంచున కాటుక దిద్దినట్టు నలుపు! ఆ క్షణం కెమెరాకు చిక్కితే చాలు, గోడకు కట్టుకునే బొమ్మ అవుతుంది.

ఆ క్షణాన్ని పట్టుకోవడానికి దారులు రెండు. మొదటిది, వాటంతట అవి ఎగిరేదాకా ఆగడం. దీనికి ఒక పూట పట్టొచ్చు, వారమూ పట్టొచ్చు. రెండోది, హారన్ కొట్టడం, చప్పట్లు చరచడం, లేదంటే ఒక రాయి విసరడం. దీనికి అరనిమిషం చాలు. కావాల్సిన ఫొటో రెండు దారుల్లోనూ దొరుకుతుంది. చూసేవాళ్లకు తేడా తెలియదు కూడా. కానీ పిట్టకు తెలుస్తుంది.

ఎగరడానికి ఎంత ఖర్చు?

పులికాట్ సరస్సు చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, మిగతాది తమిళనాడులో ఉంది. బంగాళాఖాతానికీ సరస్సుకూ మధ్య గోడలా అడ్డుగా నిలిచిన దీవే శ్రీహరికోట. కాళంగి, ఆరణి నదులు మంచినీళ్లు తెస్తాయి. సముద్రం ఉప్పునీళ్లు తెస్తుంది. రెండూ కలిసే ఈ నీళ్లు చాలాచోట్ల మనిషి నడుము లోతు కూడా ఉండవు. ఈశాన్య రుతుపవనాల వానలకు నిండి, ఆ తర్వాత మెల్లగా తగ్గుతూ వచ్చే నీళ్లలో ఫ్లెమింగోలకు పండగే.

వాటి భోజనం చూడముచ్చటగా ఉంటుంది. తల తలకిందులుగా వేలాడేసి, వంకర ముక్కును బురదనీళ్లలో జల్లెడలా ఆడిస్తాయి. నీళ్లు బయటికి పోతాయి. నాచు, చిన్న చిన్న రొయ్యజాతి జీవులు లోపల మిగులుతాయి. వాటికి ఆ గులాబీ రంగు వచ్చేదీ ఈ తిండిలోని వర్ణకాల వల్లే. పుట్టినప్పుడు పిల్ల బూడిదరంగులో ఉంటుంది. తిన్న తిండే ఏళ్ల తరబడి ఒంటికి రంగై పడుతుంది. అంటే ఫ్లెమింగో రెక్క మీది ఎరుపు అది కష్టపడి సంపాదించుకున్నదన్నమాట!

చిటికెడు చిటికెడుగా జల్లించుకుని కడుపు నింపుకోవాలంటే రోజులో చాలా గంటలు మేయాలి. అంత పెద్ద పక్షి ఉన్నచోటు నుంచి అమాంతం ఎగరనూ లేదు. నీళ్ల మీద కొన్ని అడుగులు పరుగెత్తి, రెక్కలు బలంగా కొట్టుకుంటేనే పైకి లేస్తుంది. ఒక రాయి పడితే మేత ఆగుతుంది, కూడబెట్టుకున్న శక్తి కరుగుతుంది. దిగిన చోట మళ్లీ ఇంకో కారు, ఇంకో హారన్. పక్కనే మేసే సూదితోక బాతుల్లాంటి వలస పక్షుల పరిస్థితి మరీ కష్టం. చలికాలం ముగిశాక అవి వేల కిలోమీటర్లు తిరుగు ప్రయాణం చేయాలి. దారి ఖర్చు కోసం ఒంట్లో దాచుకునే కొవ్వు ఇక్కడి మేతతోనే రావాలి. ఇక్కడ ఉత్తపుణ్యానికి ఎగిరిన ప్రతిసారీ ఆ మూటలోంచి కొంత పోతుంది.

వేటగాడి విద్యే... కానీ!

వన్యప్రాణుల ఫొటోగ్రఫీ పుట్టిందే వేటలోంచి. అమెరికాలో జార్జ్ షైరస్ అనే పెద్దమనిషి మొదట వేటగాడు. రాత్రిపూట పడవలో నిప్పు వెలిగించుకుని వెళ్లి, ఆ వెలుగుకు కళ్లప్పగించి నిలబడే జింకల్ని కొట్టడం అక్కడి ఆదివాసుల వేట పద్ధతి. షైరస్ ఆ పద్ధతినే పట్టుకుని, తుపాకీ స్థానంలో కెమెరా, ఫ్లాష్ పెట్టాడు. 1906 జులైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఆయన తీసిన 74 ఫొటోలు అచ్చువేసింది. చీకట్లో జింకలు ఎలా ఉంటాయో లోకం చూసింది.

ఇంగ్లండ్‌లో కియర్టన్ అన్నదమ్ములది ఇంకో దారి. 1892లో గుడ్లున్న ఒక పిట్టగూడును ఫొటో తీసి వాళ్లు పని మొదలుపెట్టారు. పిట్టలు మనిషిని చూస్తే పారిపోతున్నాయి. ఏం చేయాలి? ఎద్దు తోలు తెప్పించి, లోపల డొల్లగా ఉండేలా ఎద్దుబొమ్మ తయారు చేయించారు. ఆ బొమ్మలో దూరి కెమెరాతో గంటలకొద్దీ కూర్చునేవారు! పొలంలో ఎద్దు నిలబడితే పిట్టకేం భయం? దాని పని అది చేసుకుపోయేది. నవ్వొచ్చే ఉపాయమే కానీ, ఇవాళ్టికీ మంచి వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్లు పాటించేది ఆ సూత్రాన్నే. పిట్టను మన దగ్గరికి రప్పించడం కాదు, మనం అక్కడ లేనట్టు ఉండటం.

మన దేశంలో ఈ విద్యకు ఆద్యుల్లో ఒకరు ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్ అనే అటవీ అధికారి. అప్పటి సంయుక్త రాష్ట్రాల అడవుల్లో పనిచేశాడు. పులి నడిచే బాటకు అడ్డంగా సన్నని తీగ కట్టేవాడు. పులి కాలు తగిలితే కెమెరా దానంతటదే క్లిక్‌మనేది. అలా తీసిన పులుల ఫొటోలు 1925లో లండన్ పత్రికలో వచ్చాయి. 1927లో పుస్తకమే వచ్చింది. పేరుమోసిన వేటగాడు జిమ్ కార్బెట్ తుపాకీ వదిలి కెమెరా పట్టడానికి ఛాంపియన్ ఫొటోలే కారణమని తనే రాసుకున్నాడు. ఒక ఫొటో ఒక తుపాకీని దించింది!

మద్రాసు ఎం. కృష్ణన్ కథ మరో రకం. 1912లో పుట్టి 1996లో కన్నుమూసిన ఈ ప్రకృతి శాస్త్రవేత్త దాదాపు చివరిదాకా నలుపు తెలుపు ఫొటోలే తీశాడు. ఖరీదైన పరికరాల జోలికి పోలేదు. ఒక కెమెరా బాడీకి ఇంకో లెన్సు తానే అతికించుకుని దానికి 'సూపర్ పాండరోసా' అని సరదాగా పేరు పెట్టుకున్నాడు. ఏనుగు ముఖమొక్కటే అందంగా తీయడం ఆయన ఉద్దేశం కాదు. ఏ చెట్టు కింద, ఏ గడ్డిలో, మందలో ఎవరి పక్కన నిలబడిందో కూడా ఫొటోలో తెలియాలి. బెంగళూరులో టి.ఎన్.ఎ. పెరుమాళ్ డార్క్‌రూమ్‌లో నలుపు తెలుపులతో ఫొటోను శిల్పంలా చెక్కడమే కాదు, ఒక తరం కుర్రాళ్లకు ఆ విద్య నేర్పాడు కూడా.

గూళ్లకు దూరంగా...

పులికాట్‌కు ఉత్తరాన, దొరవారిసత్రం దగ్గర జాతీయ రహదారి దిగితే నేలపట్టు. 1976లో అభయారణ్యంగా ప్రకటించిన చోటు. విస్తీర్ణం దాదాపు 459 హెక్టార్లు. చెరువు నీళ్లలోనే మొలిచిన నీటికడప చెట్లు, వాటి కొమ్మకొమ్మకూ గూళ్లు. అక్టోబరు నుంచే సందడి మొదలవుతుంది. గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు... ఒక్కో చెట్టూ ఒక్కో అపార్ట్‌మెంటే! దక్షిణాదిలో గూడబాతులు పిల్లల్ని పెంచే ముఖ్యమైన చోట్లలో ఇదొకటి. తల్లీతండ్రీ వంతులవారీగా పులికాట్‌కు వెళ్లి చేపలు పట్టి, గొంతు కింది సంచిలో తెస్తాయి. పిల్ల ఆ సంచిలోకి తలంతా దూర్చి తింటుంది. చూసే పిల్లలు కేరింతలు కొడతారు.

నేలపట్టు వాసులకు ఈ పక్షులు చుట్టాలు. అవి సకాలంలో వస్తే ఆ ఏడు పంటలకు ఢోకా లేదని నమ్ముతారు. నమ్మకం ఒక్కటే కాదు, లెక్క కూడా ఉంది. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలాలకు ఎరువు. అందుకే ఇక్కడ పిట్టను ఎవరూ కొట్టరు.

ఇలాంటి చోటే ఫొటోగ్రాఫర్‌కు అసలు పరీక్ష. గూడు మీది పక్షి కదలదు. పారిపోదు. పిల్లల్ని వదిలి పోలేదు కాబట్టి! అంటే ఫొటో తీయడం ఇక్కడే అన్నిటికన్నా సులువు. ఆ సులువులోనే ప్రమాదముంది. పక్షులు గూళ్లు కట్టే చోట్ల అత్యుత్సాహం ఉన్నవాళ్లు చేసే పని ఒకటుంది. గూడు బాగా కనిపించాలని అడ్డొచ్చిన కొమ్మను విరిచేస్తారు, ఆకులు తుంచేస్తారు. ఫొటో బ్రహ్మాండంగా వస్తుంది. వాళ్లు వెళ్లిపోతారు. మధ్యాహ్నం ఎండ నేరుగా ఒంటిమీద ఈకైనా మొలవని పిల్ల మీద పడుతుంది. అంతకుముందు కనిపించని గూడు ఇప్పుడు కాకికీ గద్దకూ బాగా కనిపిస్తుంది. దగ్గరికి పోయిన మనిషికి జడిసి తల్లి కాసేపు లేచినా చాలు, గుడ్డు పోతుంది. ఫొటోలో నవ్వుతున్నట్టున్న ఆ పిల్ల మర్నాటికి ఉందో లేదో ఫొటో చెప్పదు.

అందుకే కొన్ని పోటీల నిర్వాహకులు గూళ్ల ఫొటోలను అసలు తీసుకోవడమే మానేశారు. నేలపట్టులో గట్టు మీద నుంచీ, వాచ్‌టవర్ ఎక్కీ చూడటమే పద్ధతి. దూరం ఎక్కువైందని నొచ్చుకోవాల్సిన పనిలేదు. చెట్టు, నీడ, నీళ్లు, పైన వాలుతున్న గూడబాతు... అన్నీ కలిసి ఒక ఊరి బొమ్మలా వస్తాయి. కృష్ణన్ కోరుకున్నదీ అలాంటి బొమ్మనే.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో ఫొటోలు తీయడానికి వెళ్లాలన్నా అనుమతి ఉండాలి. లోపల వన్యప్రాణిని ఏడిపించడం నేరం. 'ఏడిపించడం' అంటే కర్రతో కొట్టడమే కానక్కర్లేదు. ఎగరడం చూద్దామని విసిరిన రాయి కూడా అదే!

బహుమతి వెనక్కి పోయింది

లండన్‌లో 1965 నుంచి జరుగుతున్న 'వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్' పోటీ ఈ రంగంలో అందరూ కలలుగనే మెట్టు. ఒక్క 2024లోనే 59 వేలకు పైగా ఫొటోలు వచ్చాయి. 2009లో అక్కడ అగ్ర బహుమతి ఒక తోడేలు ఫొటోకు దక్కింది. రాత్రివేళ చెక్కగేటు మీంచి తోడేలు గాల్లోకి దూకుతున్న దృశ్యం. చూసినవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. కొన్నాళ్లకు అనుమానాలు మొదలయ్యాయి. అడవి తోడేలు గేటు కింది సందులోంచి దూరిపోవాలి కానీ, అంత ముచ్చటగా దూకుతుందా? అది శిక్షణ ఇచ్చిన పెంపుడు తోడేలు అయ్యుండొచ్చన్న నిర్ణయానికి వచ్చిన న్యాయనిర్ణేతలు 2010 జనవరిలో బహుమతి రద్దు చేశారు. ఫొటో తీసిన వ్యక్తి ఒప్పుకోలేదు.

2017లో ఇంకోటి. బ్రెజిల్‌లో రాత్రిపూట మెరిసే చెదపుట్ట, దాని దగ్గరికి వస్తున్న చీమలు తినే జంతువు. అద్భుతమైన ఫొటో! తీరా చూస్తే ఆ జంతువు ఒక పార్కు సందర్శకుల కేంద్రంలో ఉండే, గడ్డి కూరిన బొమ్మేనని నిపుణులు తేల్చారు. ఫొటో తీసినాయన కాదన్నా, 2018లో ఆ బహుమతీ పోయింది.

ఆలోచిస్తే వింతగా ఉంటుంది. రెండు ఫొటోల్లోనూ రంగులు మారలేదు, వెలుగు మారలేదు. నిన్నటిదాకా గొప్ప కళ అన్నది ఇవాళ ఎందుకు కాకుండా పోయింది? ఇందుకు సమాధానం పులికాట్‌కు ఎంతో దూరం లేని శ్రీకాళహస్తిలో దొరుకుతుంది. అక్కడి కలంకారీ కళాకారుడు బట్ట మీద హంసను ఎక్కడ గీయాలనుకుంటే అక్కడ గీస్తాడు. మెడ ఎంత వంచాలో, రెక్కకు ఏ రంగు అద్దాలో అతడి ఇష్టం. అది అతడి కళ. వన్యప్రాణి ఫొటోగ్రాఫర్‌కు ఆ స్వేచ్ఛ లేదు. హంస ఎక్కడ నిలబడాలో హంసే చెబుతుంది. ఎప్పుడు రెక్క విప్పాలో దానిష్టం. మనిషి చేతిలో ఉన్నవి మూడే: ఎక్కడ కూర్చోవాలి, ఎంతసేపు ఆగాలి, ఎప్పుడు నొక్కాలి. బొమ్మలో సగం ఆ ప్రాణి గీసిందే. దాన్ని బెదరగొట్టో, దాని స్థానంలో బొమ్మను పెట్టో ఆ సగాన్ని కూడా మనిషే గీసేస్తే... ఇక అది వన్యప్రాణి ఫొటో ఎలా అవుతుంది?

ఆగినవాళ్లకే దక్కే బొమ్మ

పులికాట్‌లో ఆగి చూడటం నేర్చినవాళ్లకు సరస్సే పాఠాలు చెబుతుంది. సూర్యుడు ఎదురుగా ఉన్నప్పుడు తీస్తే పక్షులన్నీ తోలుబొమ్మలాట తెర మీది నీడల్లా వస్తాయి. సూర్యుడు వీపు వెనక ఉంటే ఈకల్లోని రంగు పలుకుతుంది. నిలబడి కాకుండా కూర్చుని, కెమెరాను కిందికి దించి తీస్తే పక్షి కన్నూ మన కన్నూ ఒక్క ఎత్తుకు వస్తాయి. ఫ్రేము నిండా పక్షినే ఇరికించనక్కర్లేదు. మూడొంతులు ఖాళీ నీళ్లు వదిలేసినా ఫర్వాలేదు. ఆ ఖాళీయే సరస్సు ఎంత పెద్దదో చెబుతుంది. కారు దిగకుండా అద్దం దించి తీయడం మరో చిట్కా. కదలకుండా ఆగి ఉన్న బండికి పక్షులు అలవాటు పడతాయి. తలుపు తీసి దిగిన మనిషికే బెదురుతాయి. కియర్టన్ల ఎద్దుబొమ్మకు ఈ కారు మనవడన్నమాట!

అన్నిటికన్నా ముందు పక్షి భాష రావాలి. మేస్తున్న గుంపు ఉన్నట్టుండి మేత ఆపి, అన్నీ ఒక్కసారిగా తలలెత్తాయంటే 'ఇంక చాలు, ముందుకు రావద్దు' అని అర్థం. అక్కడే ఆగాలి. కుదిరితే రెండడుగులు వెనక్కి వేయాలి. తలలు మళ్లీ నీళ్లలోకి దిగితే మనల్ని ఒప్పుకున్నట్టే.

ఓపిక ఉన్నవాళ్లకు ఫ్లెమింగోలు ఇచ్చే కానుక ఒకటుంది. జతకట్టే కాలం దగ్గరపడేకొద్దీ అవి గుంపుగా నాట్యం చేస్తాయి. పదులకొద్దీ పక్షులు దగ్గరదగ్గరగా చేరి, మెడలు నిక్కించి, తలలు అటూ ఇటూ టకటకా తిప్పుతూ కవాతులా నడుస్తాయి. ఉన్నట్టుండి ఒకటి నిలబడ్డ చోటే రెండు రెక్కలూ బార్లా చాపి, కొన్ని క్షణాలు అలాగే ఉంచి, టక్కున మూసేస్తుంది. ఎరుపు, నలుపు... అంతా బయటపడుతుంది! రాయి విసిరినవాడు దేనికోసం విసిరాడో, దాన్ని అవి వాటంతట అవే చూపిస్తాయి. కాకపోతే రాయి విసిరినచోట ఆ నాట్యం జరగదు.

ఇలా తీసిన ఫొటోలు గోడల మీద అందంగా ఉండటంతోనే ఆగిపోవు. కొన్ని పక్షుల కాళ్లకు శాస్త్రవేత్తలు రింగులు తొడుగుతారు. దాని మీది అక్షరాలు ఫొటోలో చదవగలిగితే ఆ పక్షి ఎక్కడ పుట్టిందో, ఎంత దూరం నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఏటా ఒకే చోటు నుంచి తీసిన ఫొటోలు వరుసగా పేర్చి చూస్తే సరస్సు ఆరోగ్యమూ తెలుస్తుంది. సముద్రం నుంచి పులికాట్‌లోకి నీళ్లు వచ్చే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతున్నాయన్నది ఇక్కడి మత్స్యకారుల ఎన్నో ఏళ్ల మొర. ఉత్తరాన చాలా భాగం వేసవికి ఎండి బీటలు వారుతుంది. నీళ్లు తగ్గితే చేప తగ్గుతుంది. చేప తగ్గితే వలా ఖాళీ, నేలపట్టులో గూడబాతు పిల్ల నోరూ ఖాళీ. ఈ సంగతి మాటల్లో చెబితే వినని వాళ్లు కూడా ఒక ఫొటో చూసి ఆగుతారు.

2001లో మొదలైన ఫ్లెమింగో ఫెస్టివల్ వల్ల ఈ పక్షులు ఇంటింటికీ పరిచయమయ్యాయి. 2020 తర్వాత కొన్నేళ్లు ఆగిన ఆ పండగ 2025 జనవరిలో మళ్లీ జరిగింది. జనం పెరిగారు, కెమెరాలు పెరిగాయి. సెల్‌ఫోను ఉన్న ప్రతివాళ్లూ ఇప్పుడు ఫొటోగ్రాఫర్లే. కాబట్టి ఈ విద్యలోని మర్యాద కూడా ప్రతివాళ్లకూ తెలియాలి. ఇంటికెళ్లాక ఫొటో బాగా వచ్చిందా లేదా అని చూసుకోవడం మామూలే. దాంతోపాటు ఇంకో ప్రశ్న వేసుకుంటే చాలు. మనం వెళ్లేటప్పుడు ఆ పిట్ట ఏం చేస్తోంది? వచ్చేసేటప్పుడు కూడా అదే చేస్తోందా? అవును అనగలిగితే, ఫొటో కాస్త మసకగా వచ్చినా అది మంచి ఫొటోయే!

వెళ్లాలంటే...

చెన్నై-గూడూరు రైలు మార్గంలో సూళ్లూరుపేట స్టేషన్ ఉంది. చెన్నై నుంచి సబర్బన్ రైళ్లు కూడా వస్తాయి. అక్కడి నుంచి శ్రీహరికోట రోడ్డులో వెళ్తే పులికాట్. నేలపట్టుకు దొరవారిసత్రం మీదుగా వెళ్లాలి. అక్టోబరు నుంచి మార్చి దాకా పక్షులుంటాయి. ఫ్లెమింగోలకు డిసెంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. ఉదయం, సాయంత్రం వెలుగు బాగుంటుంది.

మెరిసే రంగుల బట్టలు వద్దు. పిల్లలకు ఒక బైనాక్యులర్ ఇస్తే దగ్గరికి పరుగెత్తాలన్న తొందర తగ్గుతుంది. పెద్ద కెమెరాలున్నవాళ్లు అటవీ సిబ్బందిని ముందుగా అడిగి అనుమతి తీసుకోవడం మేలు. రాకెట్ కేంద్రం పరిసరాలు కాబట్టి డ్రోన్ల ఊసే ఎత్తకూడదు. తిండి పొట్లాలు, ప్లాస్టిక్ సీసాలు వెనక్కి తెచ్చేయాలి. రోడ్డు ఇరుకు, బండ్ల రాకపోకలు ఎక్కువ. కాబట్టి ఆగేటప్పుడు బండి పూర్తిగా పక్కకు తీయాలి. హారన్ మాత్రం... అవసరమైతే తప్ప వద్దు!